పులికాట్ ఒడ్డున మొక్క నాటే ముందు చూడాల్సిన నీళ్ళ లెక్క

జూన్ 5న పర్యావరణ దినోత్సవం. ఆ రోజు పులికాట్ సరస్సు ఒడ్డున మడ మొక్క (ఆటుపోట్ల నీళ్ళు తాకే ఉప్పు నేలలో పెరిగే చెట్టు) నాటితే అది బతకడం కష్టం. మన తీరానికి అసలు వాన అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా కురుస్తుంది. జూన్ నాటికి సరస్సు ఉత్తర భాగం చాలామటుకు ఎండి నెర్రెలిచ్చి ఉంటుంది. మిగిలిన మడుగుల్లో నీళ్ళు సముద్రం కన్నా ఉప్పగా ఉంటాయి. అలాంటి నేలలో లేత వేరు నీళ్ళు పీల్చుకోలేదు, తడి ఉన్నా దాహంతో చస్తుంది. తేదీ ఒక్కటి మార్చుకుంటే సరిపోతుందా అంటే అదీ కాదు. దెబ్బతిన్న తీరాన్ని బాగుచేసే పనిలో మొక్క చివరి అంకం. దానికి ముందు నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఎంత ఎత్తున నిలుస్తున్నాయి, ఎన్ని గంటలకు తిరిగి పోతున్నాయి అన్నది తేలాలి.

2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లా ఏర్పడ్డాక సూళ్ళూరుపేట, తడ తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. అయినా తిరుపతి, చిత్తూరు జనానికి సముద్రం ఇప్పటికీ పరాయి ఊరి సంగతే. నిజానికి పులికాట్‌లో కలిసే కాళంగి మన కొండల నుంచి దిగి సూళ్ళూరుపేట మీదుగా వెళుతుంది. పిచ్చాటూరు దగ్గర ఆనకట్ట దాటిన ఆరణి నది తమిళనాడులోకి పోయి సరస్సు దక్షిణపు కొసన చేరుతుంది. చంద్రగిరి వైపు పుట్టిన స్వర్ణముఖి శ్రీకాళహస్తిని ఒరుసుకుని వాకాడు మీదుగా సముద్రం చేరుతుంది. సరస్సు ఎందుకు చిక్కిపోతోందో తెలియాలంటే సగం జవాబు ఒడ్డున కాదు, ఈ ఏర్ల ఎగువనే దొరుకుతుంది.

మొగ ఎందుకు పూడుతుంది

ఉప్పునీటి సరస్సుల్లో ఒడిశాలోని చిలికా తర్వాత దేశంలో రెండో పెద్దది పులికాట్. విస్తీర్ణం పోటు, రుతువులను బట్టి మారుతుంది. నిండినప్పుడు దాదాపు 450 చదరపు కిలోమీటర్లు. అందులో ఎక్కువ భాగం ఆంధ్రలోనే ఉంది. ఇంత విశాలమైన సరస్సుకు సగటు లోతు ఒక మీటరు చుట్టూనే. శ్రీహరికోట దీవి దీన్ని బంగాళాఖాతం నుంచి వేరుచేస్తుంది. సముద్రంతో రాకపోకలన్నీ కొద్దిపాటి మొగల (సరస్సు సముద్రంలోకి తెరుచుకునే దారుల) గుండానే జరగాలి. తమిళనాడు వైపు పళవేర్కాడు దగ్గర ఒకటి, ఆంధ్ర వైపు రాయదొరువు, కొండూరుపాళెం దగ్గర ఉన్నవి. మన వైపు మొగలు ఇసుకమేట వేసి మూసుకుపోవడమే మత్స్యకారుల పాత గోడు.

మొగ తెరుచుకుని ఉండాలంటే రెండు బలాల పోటీలో నీళ్ళు గెలవాలి. నైరుతి గాలులు నడిచే నెలల్లో అలలు ఒడ్డు వెంట ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకొస్తాయి. అది మొగకు అడ్డంగా దిబ్బ కడుతుంది. పోటుకు సరస్సులోకి ఎక్కిన నీళ్ళు, ఆటుకు వేగంగా బయటికి పోతూ ఆ ఇసుకను తోసేస్తాయి. ఎన్ని నీళ్ళు ఎక్కితే ఇసుకను తోసే బలం అంత.

లెక్కలో చూద్దాం. 100 చదరపు కిలోమీటర్ల నీటిలో పోటు 10 సెంటీమీటర్లు ఎక్కించిందంటే, ఒక్క పోటుకు లోపలికొచ్చి పోయే నీరు కోటి ఘనపు మీటర్లు. తీర ఇంజనీర్లు వాడే మోటు సూత్రం ప్రకారం ఆ నీళ్ళు దాదాపు 600 నుంచి 700 చదరపు మీటర్ల మొగను నిలబెట్టగలవు. అంటే సుమారు 250 మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల లోతు. పూడికతోనో అడ్డుకట్టలతోనో పోటు అందే విస్తీర్ణం సగానికి పడిపోతే, నిలబడగల మొగ కూడా దాదాపు సగానికి కుంచించుకుపోతుంది. మొగ చిన్నదైతే లోపలికొచ్చే నీరు ఇంకా తగ్గుతుంది, మేట ఇంకా పెరుగుతుంది. ఈ చక్రం ఒకసారి మొదలైతే దానంతటది ఆగదు.

అందుకే డ్రెడ్జర్ తెచ్చి ఇసుక తోడేస్తే చాలు అనుకోవడం సగం వైద్యం. లోపలి విస్తీర్ణం నిలబెట్టలేని కొలతతో ఎంత పెద్ద మొగ తవ్వినా ఒకటి రెండు రుతువుల్లో మళ్ళీ పూడుతుంది. చిలికాలో పని ఫలించడానికి కారణం తవ్వకం ఒక్కటే కాదు. 1993లో అంతర్జాతీయ చిత్తడి నేలల ఒప్పందం కింద ప్రమాద జాబితాలోకి ఎక్కిన ఆ సరస్సుకు, పుణెలోని కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రం నమూనా అధ్యయనాలు చేశాక, చిలికా డెవలప్‌మెంట్ అథారిటీ 2000 సెప్టెంబరులో కొత్త మొగ తెరిచింది. సముద్రానికి పోయే దారి 18 కిలోమీటర్ల మేర తగ్గింది. పైన పరీవాహక ప్రాంతంలో మట్టికోతను అరికట్టే పనులు కూడా జరిగాయి. ఏడాదికి 1,700 టన్నుల చుట్టూ పడిపోయిన చేపల రాబడి 2001-02 నాటికి 11,000 టన్నులు దాటింది. 2002లో ఆ సరస్సు ప్రమాద జాబితా నుంచి బయటపడింది. ఆ మొగ కూడా తవ్విన చోట కుదురుగా కూర్చోలేదు, తర్వాతి ఏళ్ళలో కదిలింది. ఇసుక తీరం మీద మొగకు శాశ్వత చిరునామా ఉండదు. నిర్వహణ ఖర్చు ఏటా ఉంటుందని మొదటి రోజే రాసుకోవాలి.

పులికాట్‌లో తవ్వకానికి సరైన అదను ఈశాన్య రుతుపవనాలకు కాస్త ముందు. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో తెరిస్తే, వెనకే వచ్చే వరద అడుగును తానే కోసి లోతు చేస్తుంది. మార్చిలో తెరిస్తే వరద ఊతం ఉండదు, వెనువెంటనే నైరుతి ఇసుక దిగుతుంది. తోడిన ఇసుకను దక్షిణపు ఒడ్డున పోస్తే అదే ఇసుక తిరిగి మొగలోకి వస్తుంది. ఉత్తరపు ఒడ్డునే పోయాలి. మొగకు రెండు పక్కలా రాతి గోడలు కట్టే ఆలోచన ఉంటే ఉత్తరాన కోత తప్పదని ముందే లెక్కేసుకోవాలి. చెన్నై హార్బరు కట్టాక దక్షిణాన మెరీనా వెడల్పయింది, ఉత్తరాన రాయపురం తీరం కోసుకుపోయింది. ఇదీ అదే సూత్రం.

రోడ్డు, తూములు, ఎగువ చెరువులు

సూళ్ళూరుపేట నుంచి షార్‌కు (శ్రీహరికోట రాకెట్ ప్రయోగ కేంద్రానికి) సరస్సు మధ్యగా వేసిన రోడ్డు పొడవు దాదాపు 18 కిలోమీటర్లు. ఆ కట్ట సరస్సును ఉత్తర, దక్షిణాలుగా చీల్చింది. తూములు ఉన్నాయి, కానీ అంత పొడవు కట్టకు అవి ఎంత పారగలవన్నది వేరే సంగతి. రోడ్డు తీసేయమని ఎవరూ అనరు. చేయగలిగింది తూముల సంఖ్య, అడుగు మట్టం సరిచూడటం. చాలాచోట్ల లోపం తూము వెడల్పులో కాదు, మట్టంలో ఉంటుంది. తూము అడుగు చుట్టూ ఉన్న సరస్సు అడుగుకన్నా 20 సెంటీమీటర్లు ఎత్తున ఉన్నా, మీటరు లోతు సరస్సులో అయిదో వంతు నీళ్ళు ఎప్పటికీ కదలవు. పోటు సమయంలో కట్టకు రెండు పక్కలా కొలకర్రలు పాతి చూస్తే సంగతి తెలుస్తుంది. రెండు వైపులా మట్టాల్లో తేడా గంటల తరబడి తగ్గకుండా ఉంటే ఆ తూము పని చేయడం లేదు.

ఇక మంచినీళ్ళు. కాళంగి, ఆరణి మీద రిజర్వాయర్లు, ప్రతి వాగు మీదా చెక్‌డ్యాములు వచ్చాక చిన్నపాటి వరదలు సరస్సు దాకా రావడం మానేశాయి. పెద్ద తుఫాను వరద ఎలాగూ వస్తుంది. కానీ మేటలను ఏటా కడిగిపెట్టేది, రొయ్య పిల్లలకు ఉప్పు తగ్గిన నీళ్ళు ఇచ్చేది ఆ చిన్న, మధ్య రకం వరదలే. రైతు నీళ్ళు లాక్కుని సరస్సుకు ఇవ్వమని ఎవరూ అడగరు, అడిగినా జరగదు. అయితే నవంబరులో రిజర్వాయరు నిండాక ఎలాగూ వదిలే మిగులు నీటిని రోజులకొద్దీ సన్నగా వదలకుండా రెండు మూడు రోజుల్లో ఒక ఊపుగా వదిలితే, అదే నీళ్ళకు మట్టి తోసే శక్తి వస్తుంది. దిగువ ఊళ్ళకు ముందుగా చెప్పి, కట్టలు చూసుకుని చేయాల్సిన పని అది.

అన్నిచోట్లా మడ వద్దు

ఏ పునరుద్ధరణలోనైనా మొదటి ప్రశ్న: ఇక్కడ మునుపు ఏముండేది? పులికాట్‌లో చాలా భాగం సహజంగానే చెట్టు లేని బురద మైదానం. చూడటానికి బోడిగా, పనికిరానట్టు ఉంటుంది. ఫ్లెమింగోలు తలకిందులుగా ముక్కు ముంచి నాచునూ చిన్న పురుగులనూ వడగట్టుకునేది అక్కడే. దగ్గర్లోని నేలపట్టు పక్షుల అభయారణ్యంలో నీటికడప చెట్ల మీద గూళ్ళు పెట్టే గూడబాతులు మేతకు వచ్చేదీ ఈ సరస్సుకే. ఆ మైదానం మీద మడ తోట వేస్తే పచ్చదనం లెక్క పెరుగుతుంది, పక్షులు పోతాయి. ఉన్న ఆవాసాన్ని చెరిపి ఇంకొకటి పెట్టడాన్ని పునరుద్ధరణ అనడం తప్పు. ఫిలిప్పీన్స్‌లో ఏళ్ళ తరబడి ఇలాగే సముద్రపు గడ్డి మీద, లోతట్టు బురద మీద ఉప్పుపొన్న జాతి మడ నాటారు; బతికినవి చాలాచోట్ల 10 నుంచి 20 శాతమే.

మడకు తగిన చోటు ఉప్పుటేర్ల అంచులు, పాత మడ దుబ్బుల చుట్టుపక్కల, వదిలేసిన రొయ్యల గుంటలు. అక్కడ కూడా అసలు పరీక్ష నేల ఎత్తు. మడ నేల నెలలో మొత్తం సమయంలో దాదాపు 30 శాతానికి మించి నీళ్ళలో ఉండకూడదు. అంటే సగటు సముద్ర మట్టానికి పైనుండే పట్టీలోనే అది పెరుగుతుంది. మన తీరంలో అమావాస్య, పౌర్ణమి పోటు తేడాయే ఒక మీటరు చుట్టూ. సరస్సు లోపల ఇంకా తక్కువ. కాబట్టి మడకు దొరికే నిలువు జాగా జానెడు, రెండు జానలు. నేల 15 సెంటీమీటర్లు కిందికుంటే మొక్క మునిగి ఊపిరాడక చస్తుంది, 15 సెంటీమీటర్లు పైకుంటే ఉప్పు పేరుకుని మాడుతుంది. కంటితో చూసి ఈ తేడా చెప్పడం ఎవరి తరమూ కాదు.

కొలవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. దగ్గర్లో ఆరోగ్యంగా ఉన్న మడ గుంపు దగ్గరికెళ్ళి, అన్నిటికన్నా కిందున్న చెట్టు మొదలు, అన్నిటికన్నా పైనున్న చెట్టు మొదలు గుర్తుపెట్టుకోవాలి. తాపీమేస్త్రీలు వాడే నీళ్ళ లెవెల్ ట్యూబుతో ఆ రెండు మట్టాలనూ నాటబోయే చోటికి తీసుకొచ్చి కర్రల మీద గీతలు పెట్టాలి. ట్యూబులో గాలి బుడగ ఉంటే కొలత తప్పుతుంది, అది చూసుకోవాలి. దూరం ఎక్కువైతే సర్వేయరు ఆటో లెవెల్ తేవడమే మేలు. తర్వాత నెల రోజులు, రెండు పక్షాల పోట్లూ పడేలా, పగలూ రాత్రీ నీటి మట్టం రాయాలి. ఉప్పుకు రొయ్యల రైతుల దగ్గరుండే సెలైనిటీ మీటర్ చాలు; అయితే పైన నిలిచిన నీళ్ళు కాదు, 30 సెంటీమీటర్ల గుంత తీసి అందులో ఊరిన నీళ్ళు చూడాలి. సముద్రపు నీళ్ళలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు. ఊటనీళ్ళలో అంతకు రెట్టింపు ఉంటే ఉప్పును బాగా తట్టుకునే తెల్లమడ మొలక కూడా నిలవదు.

అలా ఉప్పు కట్టిన చోట్ల ఒక చిత్రం కనిపిస్తుంది. చుట్టూ మడ, మధ్యలో పళ్ళెంలా దిగిన బోడి నేల. పాతకాలంలో మడను పట్టీలు పట్టీలుగా పూర్తిగా నరికేవారు. నీడ పోయి నేల ఎండి కుంగింది. పెద్ద పోటుకు ఎక్కిన నీళ్ళు తిరిగి పోలేక అక్కడే ఎండి ఉప్పు మిగిల్చాయి. దీనికి ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్ 1990లలో తమిళనాడులోని పిచ్చావరంలోనూ, ఆ తర్వాత కృష్ణా, గోదావరి డెల్టాల్లోనూ అటవీశాఖలతో కలిసి ఒక పద్ధతిని నిలబెట్టింది: సహజమైన ఉప్పుటేరు నుంచి ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా చేపముల్లులా ఏటవాలుగా పిల్లకాలువలు. పెద్ద కాలువ పైన సుమారు 3 మీటర్లు, అడుగున మీటరు, లోతు మీటరు లోపు. పిల్లకాలువలు ఇంచుమించు అందులో సగం. ఈ కొలతలు వేదం కాదు, లెవెల్ చెప్పినట్టు మార్చుకోవాలి. గోడలు నిలువుగా కాకుండా వాలుగా ఉండాలి, ఎందుకంటే మొక్క నాటేది ఆ వాలు మధ్యలోనే. పోటుకు తడిసి ఆటుకు తేరుకునే మట్టం అదే. పిల్లకాలువ లంబకోణంలో కలిస్తే ఆ మూల పూడుతుంది.

ఎక్కువసార్లు పాడయ్యేది తవ్విన మట్టి దగ్గర. పొక్లెయిన్ డ్రైవరు అలవాటు కొద్దీ మట్టిని కాలువ పక్కనే వరుసగా పోస్తాడు, అది గట్టు అవుతుంది. గట్టు అవతలి నేలకు పోటు అందదు. అంత ఖర్చుపెట్టి తవ్వి, కొత్త అడ్డుకట్ట కట్టినట్టు. మట్టిని పల్చగా పరవాలి, లేదా పది మీటర్లకో ఖాళీ వదలాలి. తవ్వకం మార్చి నుంచి జూన్ లోపు ముగించి, ఒక వానాకాలం ఉప్పు కడిగాకే నాటితే మంచిది. చాలాచోట్ల అంత అవసరం కూడా ఉండదు. పోటు సరిగ్గా ఆడితే, దగ్గర్లో తల్లిచెట్లుంటే, విత్తనాలు నీళ్ళలో తేలుతూ వచ్చి అవే మొలుస్తాయి. రెండేళ్ళు చూసి రానిచోటే నాటాలి.

నాటాల్సి వస్తే పులికాట్ లాంటి ఉప్పు నేలకు తెల్లమడ మొదటి ఎంపిక. ఉప్పుపొన్న మొలక పొడుగ్గా, బురదలో గుచ్చితే నిలబడేలా ఉంటుంది కనుక పథకాలు దాన్నే ఎత్తుకుంటాయి. ఉప్పు తక్కువగా, తడి ఎప్పుడూ ఉండే ఏటి అంచుకే అది సరిపోతుంది. తెల్లమడ గింజలు రాలగానే ఏరి, ఉప్పు కలిసిన నీళ్ళలో ఒకటి రెండు రోజులు నానబెడితే పైతొక్క ఊడుతుంది. దాచిపెడితే మొలకెత్తే శక్తి పోతుంది కాబట్టి వెంటనే సంచుల్లో పెట్టాలి. నర్సరీ పోటు తగిలే చోటే ఉండాలి. బోరు నీళ్ళతో పెంచిన మొక్క చూడటానికి ఏపుగా ఉంటుంది, ఉప్పు నేలలో వారానికే వాడుతుంది. మోకాలెత్తు పెరిగాక, అక్టోబరు చివర నుంచి డిసెంబరు లోపు, వాలు మీద ఒకటి నుంచి రెండు మీటర్ల ఎడంతో నాటాలి. సంచి తీయడం మరిచిపోతే వేరు చుట్టుకుపోయి రెండో ఏడు చస్తుంది; కూలి లెక్క మొక్కకింత అని మాట్లాడుకున్న చోట ఇది తరచూ జరుగుతుంది. తర్వాతి శత్రువులు మేకలు, గేదెలు, కాండానికి అతుక్కునే గవ్వపురుగులు, పోటుతో కొట్టుకొచ్చి మొక్క మీద వాలిపోయే నాచు. నాచును మొదటి ఏడాది పదిహేను రోజులకోసారి చేత్తో తీయడం తప్ప మార్గం లేదు.

వదిలేసిన రొయ్యల గుంటలు

1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చిలికా, పులికాట్ సరస్సుల నుంచి 1,000 మీటర్ల లోపు రొయ్యల చెరువులు కూడదని పేరు పెట్టి చెప్పింది. తీరం పొడవునా జబ్బులొచ్చి వదిలేసిన గుంటలూ ఉన్నాయి. గట్టు ఒకచోట తెంచేస్తే సముద్రం మిగతాది చూసుకుంటుందనుకుంటారు. తెంచాల్సింది పాత ఉప్పుటేరు దారి పోయిన చోట. పాత సర్వే పటాల్లోనూ గూగుల్ ఎర్త్ చిత్రాల్లోనూ అది కనిపిస్తుంది. గట్టు కోసం మట్టి తీసిన గుంత లోపలి వైపు చుట్టూ ఉంటుంది. దాన్ని పూడ్చకపోతే నీళ్ళు ఆ గుంతలోనే తిరుగుతాయి, మధ్యనున్న నేల ఎండుతూనే ఉంటుంది. గట్టు మట్టినే దానిలోకి తోస్తే రెండు పనులూ అవుతాయి. మడ నేలలో సహజంగా ఉండే ఇనుము, గంధకం గుంట ఎండినప్పుడు గాలి తగిలి ఆమ్లంగా మారతాయి. తుప్పురంగు మరకలు కనిపిస్తే పీహెచ్ (ఆమ్లం ఎంతుందో చెప్పే కొలత, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) చూడాలి. నాలుగు లోపుంటే కొన్ని నెలలు పోట్లతో కడగాలి, అప్పటిదాకా అక్కడ చేపలు చచ్చినా ఆశ్చర్యం లేదు.

ఇసుక దిబ్బలు, సరుగుడు, సీమతుమ్మ

2004 సునామీ తర్వాత కోస్తా అంతటా రక్షణ పేరుతో సరుగుడు నాటారు. కలప వస్తుంది, గాలి ఆపుతుంది, నిజమే. కానీ అల అంచు దాకా నాటిన సరుగుడు కింద ఇసుక కదలదు, బలబంద తీగ, రావణాసురుడి మీసాల గడ్డి బతకవు. తుఫానుకు దిబ్బ కోసుకుపోతే మళ్ళీ కట్టేవి ఆ తీగా గడ్డీయే. జనవరి నుంచి ఏప్రిల్ దాకా గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేలుకు వేళ్ళు లేని బయలు ఇసుక కావాలి. పోటు గీత నుంచి కనీసం 50 మీటర్లు సరుగుడు లేకుండా వదలాలి. కోసుకుపోయిన దిబ్బకు మీటరు ఎత్తు తాటాకు దడి చాలు. ఆకుకీ ఆకుకీ మధ్య సగం ఖాళీ ఉండాలి. సందు లేకుండా కడితే గాలి సుడి తిరిగి ఇసుకను దడి మొదలు నుంచే తవ్వేస్తుంది. ఇసుక చేరాక, అక్టోబరు తొలి వానకు, మూడు నాలుగు కణుపుల బలబంద ముక్కలను జానెడు లోతున పాతితే అంటుకుంటాయి.

సరస్సు గట్ల మీది సీమతుమ్మను పైపైన కొడితే దుబ్బుగా చిగురిస్తుంది. మొదలు చుట్టూ తవ్వి, నేలకు 20-30 సెంటీమీటర్ల కింద, వేరు మొదలయ్యే మెడతో సహా కోయాలి. తర్వాతి రెండు వానాకాలాలూ మొలకలు పీకాలి. కాయలు తిన్న మేకలు పేడలో గింజలు చల్లుతూనే ఉంటాయి కనుక ఇది ఒక్కసారితో తీరే కాంట్రాక్టు కాదు.

అనుమతి, కూలి, లెక్క

ఆంధ్ర వైపు సరస్సు వన్యప్రాణి అభయారణ్యం. 1972 వన్యప్రాణి చట్టం కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి లేకుండా కాలువ తవ్వడం, మట్టి ఎత్తడం నేరమవుతుంది. ఉద్దేశం మంచిదైనా సరే. తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనలు దాని మీద అదనం. డబ్బుకు 2023 జూన్‌లో మొదలైన మిష్టి అనే కేంద్ర మడ అడవుల పథకం ఉంది, ఉపాధి హామీ కూలీని దానితో కలపొచ్చు. ఇరకం, వేనాడు దీవుల్లో, సరస్సు ఒడ్డు ఊళ్ళలో యానాదులకూ పట్టపు కాపులకూ ఏ కాలువలో ఏ నెల నీళ్ళు ఆడతాయో చేతి లెక్కగా తెలుసు. పీతలు, రొయ్యలు చేత్తో పట్టుకునే ఆడవాళ్ళ నడక దారులకు అడ్డంగా కాలువలు తవ్వితే, పని ముగిసిన మర్నాడే ఎక్కడో ఒకచోట పూడ్చేస్తారు. దారి ఎక్కడ వదలాలో లెవెల్ గీతలు పెట్టేటప్పుడే వాళ్ళను అడగాలి.

బిల్లు నాటిన మొక్కల సంఖ్య మీద కడితే నాటడమే జరుగుతుంది. మూడో ఏడాది చివర బతికున్నవాటి మీద, కాలువలో పోటు ఎంత ఎత్తు ఆడిందన్నదాని మీద కొంత భాగం ఆపి ఉంచితే కాంట్రాక్టరే కాలువ పూడిక తీయిస్తాడు. ఏటా మూడుసార్లు, అంటే ఫిబ్రవరి, జూన్, నవంబరు నెలల్లో, అవే కర్రల దగ్గర ఊటనీటి ఉప్పు, నీటి మట్టం, మొక్కల సంఖ్య రాయాలి. కర్రలు వంట చెరకుగా పోతాయి కాబట్టి సిమెంటు దిమ్మెలు పాతడం మంచిది.